గోడ తిరిగి చెప్పేదాకా

ఆ ఏడాది మా ఇంట్లో ఇద్దరు మగాళ్లకీ కలిపి నోరు నేనొక్కదాన్నే.

"వాడికి చెప్పు, అన్నం చల్లారిపోతోందని," అనేవాడు నాన్న. వాడు రెండడుగుల దూరంలోనే కూర్చుని గిటారు తీగలు తుడుచుకుంటూ ఉండేవాడు.

"ఆయనకి చెప్పు, నేను తర్వాత తింటానని," అనేవాడు తమ్ముడు, తలెత్తకుండా.

మొదట్లో ఇద్దరి మాటలూ పొల్లుపోకుండా అటూ ఇటూ మోశాను. తర్వాత్తర్వాత విసుగొచ్చి మోసేదాంట్లో నా సొంత సరుకు కొంత కలపడం మొదలుపెట్టాను. "తర్వాత తింటాడట, నువ్వు కూడా వాడితో పాటు తింటే బాగుంటుందట" అనేదాన్ని. నాన్న ఒక చూపు చూసేవాడు. వాడు అలా అనలేదని ఆయనకీ తెలుసు, రెండడుగుల దూరంలో చెవులేం మూసుకుపోవు కదా.

గొడవ పెద్దదేం కాదు. అమ్మ పోయిన మూడో రోజు పొద్దున్నే నాన్న ఖాకీ చొక్కా తొడుక్కుని డ్యూటీకి బయల్దేరాడు. ఊరికి నీళ్లు వదిలే పంపు హౌసులో ముప్ఫై ఒక్క ఏళ్లుగా వాల్వు తిప్పే ఉద్యోగం ఆయనది. తమ్ముడు గుమ్మానికి అడ్డంగా నిలబడి, "ఒక్క రోజు నీళ్లు రాకపోతే ఈ ఊళ్లో ఎవరూ చచ్చిపోరు. కనీసం ఒక కన్నీటి చుక్కైనా రాల్చావా నువ్వు?" అన్నాడు. నాన్న వాణ్ణి పక్కకి జరిపి, చెప్పులేసుకుని, "ఆగకూడదురా" అని వెళ్లిపోయాడు. అంతే. ఆ తర్వాత పది నెలలు ఒకరితో ఒకరు మాట్లాడుకుంది లేదు.

అప్పుడే తమ్ముడు నల్లచొక్కాల్లోకి దిగాడు. అంతకుముందు నుంచే బ్యాండు ఉండేదిగానీ, అమ్మ పోయాక వాళ్ల పాట పూర్తిగా చీకటి వైపు తిరిగింది. దాన్ని గోతిక్ రాక్ అంటారని నాకు చెప్పింది వాళ్లకి డ్రమ్స్ కొట్టే నర్సమ్మ. నేలమీద ఏదో బరువైనది ఈడ్చుకొస్తున్నట్టు గిటార్లు, బావి అడుగునుంచి పలుకుతున్నట్టు గొంతు, సమాధులు, కాకులు, పొగమంచు. నేను సాహిత్యం చదువుకున్న పాపానికి పాటలు రాసే పని నాకు తగిలించారు.

"అక్కా, ఇక్కడ పొగమంచు అని రాయి."

"మన ఊళ్లో పొగమంచు ఎప్పుడు చూశావురా?"

"చూడనిదే రాయాలి. చూసింది రాస్తే భయమేముంటుంది?"

"చూసిందే ఎక్కువ భయంరా," అంది నర్సమ్మ, డ్రమ్ము మీద చర్మం బిగిస్తూ. పగలు ఆసుపత్రిలో డ్యూటీ, సాయంత్రం ఇక్కడ. ఇంజక్షన్ ఇచ్చేటప్పటిలాగే ఎటో చూస్తూ దెబ్బ వేసేది. ఫోటోలకోసం నల్ల లిప్‌స్టిక్ పెట్టుకోమంటే, "పొద్దున్నుంచీ నిజం శవాల్ని చూసొచ్చాను, నాకు మేకప్ అక్కర్లేదు" అంది.

బాస్ గిటారు వాయించేవాణ్ణి అందరూ పొడుగాడనేవాళ్లు. బస్సు కండక్టరు. బస్సులో తల వంచుకు నిలబడీ నిలబడీ, తల వంచి వాయించే ఆ సంగీతానికి పుట్టుకతో వచ్చినవాడిలా ఉండేవాడు. రికార్డు చేసేది మైకుసెట్టు. సభలకి మైకులు, స్పీకర్లు అద్దెకిచ్చే అతనికి ఆ పేరు తప్ప వేరే పేరుందని నాకు చాలా రోజులు తెలీదు.

మా ముందుగదిలో తలుపులకి దుప్పట్లు కట్టి, మంచం పరుపులు గోడకి చేరవేసి వారం రోజులు రికార్డు చేశారు. మైకుసెట్టు చెవులకి పెట్టుకున్నది తీసి, పెళ్లిచూపుల్లో నచ్చలేదని ఎలా చెప్పాలో తెలీనివాడిలా కాసేపు నేల చూశాడు.

"గొంతు గుడ్డలో మూటకట్టినట్టుంది. దీనికి పెద్ద చోటు కావాలి. ఖాళీది. రాతిది. మిషన్లో ప్రతిధ్వని కలపొచ్చుగానీ, అది డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టుంటుంది."

తమ్ముడు గిటారు పక్కన పెట్టాడు. వాడికేం గుర్తొచ్చిందో నాకు తెలిసిపోయింది. నాక్కూడా అదే గుర్తొచ్చింది. ఇద్దరం అమ్మ వెంట పంపు హౌసుకి క్యారియరు మోసుకుని వెళ్లినవాళ్లమే.

"అక్కా," అన్నాడు, "ఆయన్ని అడుగు."

*

పంపు హౌసులో నేల అడుగున రెండు ట్యాంకులుంటాయి. వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు ఒక్కటి చాలు. రెండోదాన్ని ఖాళీ చేసి, గోడలు రుద్ది, పగుళ్లకి సిమెంటు పూసి, వానలు దగ్గరపడేదాకా ఆరబెడతారు. నెలన్నర పాటు అది ఊరికే ఉంటుంది.

నాన్న టార్చిలైటు స్ప్రింగు సరిచేస్తున్నాడు.

"నాన్నా, రెండో ట్యాంకు ఇప్పుడు ఖాళీయేగా?"

"ఎవరికి కావాలి?"

"నాకే."

"నీకు ట్యాంకెందుకే?"

"పాడుకోడానికి."

"నువ్వు పాడితే మళ్లీ పగుళ్లిస్తుంది. మొన్ననే పూయించాను."

నేను నవ్వలేదు. ఆయన స్ప్రింగు లాగి వదిలి, లాగి వదిలి చాలాసేపు చూశాడు. ఆ వేసవి దాటితే రిటైరు. ఇన్నేళ్లలో డ్యూటీలో లేని మనిషిని ఆ నిచ్చెన దింపిన దాఖలా లేదు.

"వాడికి చెప్పు," అన్నాడు చివరికి. "చెప్పులు పైన వదిలెయ్యాలి. కాళ్లు కడుక్కుని దిగాలి. లోపల తినడం, ఉమ్మడం కుదరదు. రేపు ఆ నీళ్లు ఊరు తాగాలి."

*

ఇనుప మూత ఎత్తి, నిచ్చెన దిగితే పాతిక మెట్లు. బయట మాడు పగిలే ఎండ. కింద పాదాలకి చలి. మూడు వరసల స్తంభాలు, మోకాళ్ల ఎత్తున నీళ్ల చారలు, సున్నంలాంటి వాసన. మూత దగ్గర్నుంచి పడే ఒక్క పలక వెలుగు తప్ప అంతా నలుపు. తమ్ముడు వెలుగులో నిలబడి ఒక్కసారి చేతులు చరిచాడు. ఆ చప్పుడు స్తంభాల మధ్య నడిచి, మూలలన్నీ తడిమి, తీరిగ్గా వెనక్కొచ్చి చచ్చిపోయింది. మైకుసెట్టు గడియారం చూశాడు.

"పదకొండు సెకన్లు," అన్నాడు, గుడిలోకి వచ్చినవాడిలా గొంతు తగ్గించి. ఆ గొంతుకి కూడా పదకొండు పట్టింది.

అందరికీ ఆనందమే. మైకులు దించి, వైర్లు పరిచి, మొదటి పాట ఎత్తుకున్నారు. అర నిమిషంలో ఆనందం ఆవిరైపోయింది. మొదటి దెబ్బ ఇంకా తిరుగుతుండగానే రెండో దెబ్బ, దాని మీద గిటారు, దాని మీద మాట. అన్నీ కలిసి చింపిరిజుట్టులా చిక్కుపడ్డాయి. నేను నాలుగు రాత్రులు కూర్చుని రాసిన మాటల్లో ఒక్కటి అర్థమైతే ఒట్టు.

"బస్టాండులా ఉంది," అన్నాడు పొడుగాడు. తెలిసినవాడు కదా.

పైన మూత దగ్గర నాన్న మోకాళ్లు కనిపించాయి. ఆయన కిందికి చూడకుండా ఒక్కో మాటా జారవిడిచాడు.

"వాడికి... చెప్పు."

ఆగాడు. ఆ రెండు మాటలూ స్తంభాలన్నిటినీ చుట్టొచ్చాయి. వాడికి వాడికి చెప్పు చెప్పు చెప్పు. తమ్ముడు నా ఎదురుగా నిలబడి ఎనిమిది సార్లు విన్నాడు, నేను చెప్పకముందే. నర్సమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"గోడ... తిరిగి... చెప్పేదాకా... ఆగాలి."

ఆ ట్యాంకులో పనిచేసేవాళ్లంతా అలాగే మాట్లాడతారు. ఒక మాట అని, గోడ దాన్ని తిరిగి చెప్పి ముగించేదాకా ఆగి, అప్పుడు రెండోది అంటారు. తొందరపడితే ఇద్దరి మాటలూ కలిసిపోయి, తాడు లాగమన్నది వదలమన్నట్టు వినిపిస్తుంది. మా అమ్మకీ అది అలవాటే. ట్యాంకు కడిగే రోజుల్లో మధ్యాహ్నం క్యారియరు పట్టుకుని మూత దగ్గర కూర్చునేది. కిందనుంచి నాన్న "ఏమేవ్" అని పిలిచేవాడు. అమ్మ వెంటనే పలికేది కాదు. ఒక్కో వేలూ మడుచుకుంటూ వచ్చి, పది వేళ్లూ అయ్యాక తల ఒకసారి ఊపేది. అది పదకొండు. అప్పుడు "ఆఁ" అనేది. ఆ తర్వాతే తాడుకి కట్టిన క్యారియరు దించేది. చిన్నప్పుడు తమ్ముడు ఆకలికి ఆగలేక, "వెంటనే పలకొచ్చుగా అమ్మా" అనేవాడు. "మీ నాన్న మాట పూర్తికానివ్వాలి కదరా" అనేది.

మర్నాటినుంచి బ్యాండు నిదానించింది. నర్సమ్మ ఒక దెబ్బ వేసి చెయ్యి గాల్లో ఉంచి ఆగేది. "ఈ లెక్కన పాట అయ్యేసరికి నాకు డ్యూటీ టైమవుతుంది," అని గొణిగేది గానీ, ఆ ఆగిన చోటే పాటకి ప్రాణం వచ్చిందని మొదట కనిపెట్టింది ఆవిడే. పొడుగాడు రోజుకో స్వరం తగ్గించుకుంటూ వచ్చాడు. నేను కాకుల్ని తీసేశాను, పొగమంచు తీసేశాను. పదకొండు సెకన్లు గాల్లో నిలబడాల్సిన మాట అబద్ధమైతే, అది తిరిగొచ్చినప్పుడు వినడానికి సిగ్గేస్తుంది.

ఆల్బమ్‌కి పేరు కూడా అక్కడే దొరికింది. ట్యాంకు అడుగున గొట్టానికి కింద జానెడు నీళ్లు ఎప్పుడూ మిగిలిపోతాయనీ, అవి ఏ ఇంటికీ వెళ్లవనీ, వాటిని అడుగు నీళ్లంటారనీ నాన్న ఒకసారి నాతో చెబుతుంటే తమ్ముడు విన్నాడు.

"ఆయన్ని అడుగు, ఆ మాట మేం వాడుకోవచ్చా అని."

"మాట నా సొత్తేం కాదని చెప్పు," అన్నాడు నాన్న.

*

ఎనిమిది పాటలయ్యాయి. తొమ్మిదోది తమ్ముడు చెబుతుంటే నేను రాశాను. పేరు 'ఏడవని మనిషి'.

ఇంటి దీపం ఆరిన పొద్దున
వాల్వు మాత్రం తిరిగింది
ఊరందరికీ నీళ్లొచ్చాయి
రానిది ఆ రెండు కళ్లకే

రాస్తున్నప్పుడు నాకు చెయ్యి ఆగింది. ఆగినా రాశాను. ఎందుకు దాచాలి, నాలుగో పాదం నేనే ఇచ్చాను. వాడు "కళ్లకి నీళ్లు రాలేదు" అన్నాడు, దాన్ని సాన పట్టింది నేను. బాగా వచ్చిందని లోలోపల మురిశాను కూడా. మాట బాగా కుదిరితే అది ఎవరికి గుచ్చుకుంటుందో చూడని గుణం రాసేవాళ్లకి ఉంటుంది, నాకు కాస్త ఎక్కువే ఉంది.

ఆ మధ్యాహ్నం ఒకసారి పాడి చూశారు. నాన్న పక్క ట్యాంకు దగ్గర మీటరు చూస్తున్నాడనుకున్నాను. నిచ్చెన ఎక్కి పైకొచ్చేసరికి మూత పక్కన, ఎప్పుడూ అమ్మ కూర్చునే దిమ్మ మీద, ఆయన కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి, దుమ్ము దులుపుకుని వెళ్లిపోయాడు.

రాత్రి నాన్న కంచం ముందు కూర్చున్నాడు. తమ్ముడు ఆవలి గదిలో ఉన్నాడు.

"వాడికి చెప్పు," అన్నాడు.

"ఆ కొత్త పాటలో, 'రెండు కళ్లకే' అన్నచోట తొందరపడుతున్నాడు. 'రానిది' అన్నాక ఆగమను. గోడ తిరిగి చెప్పేదాకా."

కంచం కడిగేసి పడుకున్నాడు. నేను వెళ్లి తమ్ముడికి ఆ మాట అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. ఆ ఒక్కసారీ నా సరుకేం కలపలేదు. వాడు గోడవైపు తిరిగి పడుకుని, "విన్నాను," అన్నాడు.

*

ఆ పాట రికార్డు చేసే రోజున బల్బు ఆర్పేయమన్నాడు మైకుసెట్టు. దాని సన్నటి గుయ్‌మనే చప్పుడు మైకులోకి వస్తోందట. దానికి తమ్ముడు ముందే సిద్ధపడి ఉన్నాడు. సంచీలోంచి కొవ్వొత్తులు తీశాడు. ఒకటి కాదు రెండు కాదు, ముప్ఫై. ఒక్కో స్తంభం మొదట్లో రెండేసి పెట్టి వెలిగించాడు. నల్లచొక్కాలు, ముప్ఫై మంటలు, మంటకొక నీడ. ఇన్నాళ్లకి వాళ్లు ఊహించుకున్న ఆల్బమ్ లోపలే నిలబడ్డట్టుంది. నాకూ ఒళ్లు గగుర్పొడిచింది, కాదనను. ట్యాంకు కడిగి ఆరబెట్టింది దేనికోసమో ఆ క్షణం మా ఐదుగురిలో ఒక్కరికీ గుర్తులేదు. ఉమ్మొద్దన్నారు, తినొద్దన్నారు, అవేం చేయలేదు మరి.

తమ్ముడు 'రానిది' అని ఆగాడు. పదకొండు. అప్పుడు, 'ఆ రెండు కళ్లకే.' ఒక్క టేకులో అయిపోయింది.

ఇంజినీరుగారు తనిఖీకి రావడానికి మూడు రోజులుంది. ఆ సాయంత్రం నాన్న మూత ఎత్తాడు. దిగలేదు. వంగి ఒకసారి గాలి పీల్చాడు. తర్వాత దిగాడు. నేను వెనకే దిగాను. జేబులోంచి తెల్ల రుమాలు తీసి మొదటి స్తంభం తుడిచాడు. రుమాలు కాటుక పెట్టుకుంది. నేల మీద టార్చి వేస్తే చెంబుమూతలంతేసి మైనం బిళ్లలు.

తనిఖీ అంటే ఇదే. ఇంజినీరుగారు తనకి నచ్చినచోట తెల్లగుడ్డతో గోడ తుడుస్తారు. ముప్ఫై వేసవుల్లో ఆ గుడ్డ ఒక్కసారీ మాసింది లేదు. ఊళ్లో ఇంకెవరికీ తెలియని ఆ సంగతే మా నాన్న దాచుకున్న ఆస్తి.

నేను, "నాన్నా, వాళ్లకి తెలీక..." అంటుంటే చెయ్యెత్తాడు. గోడ ఆ మాట ముగించేదాకా ఆగాడు.

"వాడికి చెప్పు. రేపు పొద్దున్న ఏడింటికి బకెట్టు తెచ్చుకోమను."

*

అందరూ వచ్చారు. నర్సమ్మ సెలవు పెట్టి మరీ వచ్చింది. మైనాన్ని పుట్టీ పెట్టే రేకులతో గీకాం. గీకిన పొడి చేత్తో ఏరాం. మసి దగ్గర తమ్ముడు తడిగుడ్డ పెట్టి రుద్దేసరికి అది పేడలా పరుచుకుంది.

"వాడికి చెప్పు," అన్నాడు నాన్న, "తడి పెట్టకూడదు. ముందు పొడిగుడ్డ."

చెప్పు చెప్పు చెప్పు అంది గోడ. తమ్ముడు నాకోసం ఆగకుండానే పొడిగుడ్డ అందుకున్నాడు.

రెండో రోజు మధ్యాహ్నానికి మోచేతులు పడిపోయాయి. తమ్ముడు ఆ చివర ఆఖరి స్తంభం దగ్గరున్నాడు. నాన్నా నేనూ ఈ చివర నేలమీద పక్కపక్కన కూర్చుని గీకుతున్నాం. ఎందుకో నాన్న తనంతట తనే మొదలుపెట్టాడు. నా చెవి దగ్గరికి వంగి, చాలా మెల్లగా.

"ఆ రోజు ఇంట్లో కూర్చుంటే ఏం చెయ్యాలో నాకు తెలియలేదే. వాల్వు ఎన్ని చుట్లు తిప్పాలో తెలుసు. అరవై నాలుగు. అది తిప్పుకుంటూ కూర్చున్నాను. అయిపోతే మళ్లీ మూసి, మళ్లీ తిప్పాను."

ఆ ట్యాంకులో రహస్యం అనేది ఉండదు. అంత మెల్లగా అన్న మాట స్తంభం స్తంభం తాకుతూ ఆ చివరిదాకా పోయింది. అక్కడ గీకుతున్న చప్పుడు ఆగింది. అరవై నాలుగు, అంది గోడ. మళ్లీ తిప్పాను, అంది. ఆయనకిది తట్టలేదా, ముప్ఫై ఒక్క ఏళ్లు ఆ గోడల మధ్య బతికినవాడికి? ఇప్పటికీ నాకు తెలీదు. నేను అడగలేదు.

కాసేపటికి ఆ చివర మళ్లీ గీకడం మొదలైంది.

*

ఇంజినీరుగారు వచ్చి, బూట్లు పైన విప్పి, నాన్నని వెంటబెట్టుకుని దిగారు. మిగతా అందరం పైన మూత చుట్టూ నిలబడ్డాం. కింద ఇంజినీరుగారు గుడ్డతో తుడవడం, గుడ్డ టార్చి వెలుగులో తిప్పి చూడడం కనిపిస్తోంది. మూడు చోట్ల తుడిచారు. తెల్లగానే ఉంది. పొడుగాడు నిటారుగా నిలబడి ఊపిరి వదిలాడు. వాడు అంత పొడుగని ఆ రోజే చూశాను.

"ఎప్పట్లాగే బాగుందయ్యా. సంతకం పెట్టేస్తాను."

"పెట్టకండి," అన్నాడు నాన్న.

మా ప్రాణాలు పైనే పోయాయి.

"కొవ్వొత్తులు వెలిగించారండి ఇక్కడ. మసి పోయింది. కానీ మైనం గుడ్డకి అంటదు. ఎక్కడైనా మిగిలితే నీళ్లలో తేలుతుంది. అడుగెత్తున నీళ్లు పెట్టి, ఒకసారి వదిలేసి, మళ్లీ చూడాలి."

"కొవ్వొత్తులా? ఎవరు?"

నాన్న పైకి చూశాడు. గోడ 'ఎవరు'ని పూర్తిగా ముగించేదాకా ఆగాడు.

"మా అబ్బాయి."

"రిజిస్టర్లో రాయాల్సొస్తుంది మరి. రిటైరయ్యే ముందు..."

"రాయండి."

రాశారు. ముప్ఫై ఒక్క ఏళ్లకి అదొక్కటే మచ్చ. తమ్ముడు మూత అంచు పట్టుకుని, మెట్లెక్కి వస్తున్న నాన్న నడినెత్తి వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆయన పైకి రాగానే చూపు తిప్పేసుకున్నాడు.

*

అడుగెత్తున నీళ్లు పెట్టి వదిలేశారు. గోరంత మైనం ముక్కలు నాలుగు జల్లెడలో దొరికాయి. నాన్న వాటిని అరచేతిలో పెట్టి నాకు చూపించాడు, చూశావా అన్నట్టు. మర్నాడు పొద్దున ఇంజినీరుగారు సంతకం పెట్టారు. ఇక మూత వేసి నీళ్లు వదలడమే.

మైకుసెట్టు వచ్చి నసిగాడు. "అంకుల్, ఒక్క పది నిమిషాలు. పాటకీ పాటకీ మధ్య అతకడానికి ఖాళీ శబ్దం కావాలి. ఎవరూ లేనప్పుడు ట్యాంకు ఎలా ఉంటుందో, అది."

"దిగడానికి లేదు."

"దిగను. మైకు దింపుతా."

క్యారియరు దించే తాడుంది కదా, దాని కొక్కెం ఇంకా అలాగే ఉంది. దానికే మైకు కట్టి దించారు. తమ్ముడు తాడు పట్టుకున్నాడు. మేం చప్పుడు చెయ్యకుండా కూర్చున్నాం. పది నిమిషాలయ్యాక మైకు లాగబోతుంటే నాన్న మూత దగ్గరికొచ్చి వంగాడు.

మూత వేసేముందు చేయాల్సిన పని ఒకటుంది. ఎప్పుడో ఒక మేస్త్రీ లోపల చల్లగా ఉందని కునుకు తీస్తుంటే చూడకుండా నీళ్లు వదిలారట. మోకాళ్లు తడిశాక లేచి కేకలు పెట్టాడట. అప్పట్నుంచీ మూడుసార్లు పిలవాలని నియమం. పిలిచి, శబ్దం పూర్తిగా ఆగేదాకా వినాలి. లోపల మనిషి ఉంటే ఆ నిశ్శబ్దంలో పలుకుతాడు.

"లోపల ఎవరున్నారు?" అన్నాడు నాన్న.

పదకొండు. ఎవరూ పలకలేదు.

"లోపల ఎవరున్నారు?"

పదకొండు.

మూడోసారి ఆయన నోరు తెరిచి, వెంటనే పిలవలేదు. మూత అంచు మీద రెండు చేతులూ ఆనించాడు.

"ఏమేవ్."

పెద్దగా కాదు. ఆకలేస్తోందని చెప్పడానికి పిలిచినట్టు. అది స్తంభాల మధ్య నడిచింది, మూలలన్నీ తడిమింది, వెనక్కొచ్చింది, మళ్లీ వెళ్లింది. నాన్న పూర్తిగా విన్నాడు. తర్వాత లేచి మూత లాగబోయాడు. బరువు మూత. తాడు పట్టుకున్న తమ్ముడు ఒక చేత్తో మైకు పైకి లాగి, రెండో చేత్తో మూత అంచు అందుకున్నాడు.

"వేళ్లు జాగ్రత్త, నాన్నా," అన్నాడు.

"ఊఁ. నువ్వు అటు పట్టుకో," అన్నాడు నాన్న.

మూత పడింది. నాన్న వెళ్లి వాల్వు దగ్గర నిలబడ్డాడు. తమ్ముడు వెనకే వెళ్లి, చక్రానికి రెండోవైపు పట్టుకున్నాడు. అరవై నాలుగు చుట్లు. నేను లెక్కపెట్టలేదు. నా కళ్లకి కనిపిస్తే కదా.

*

మొదటి వాన పడ్డ వారంలో మైకుసెట్టు పాటలన్నీ వరసగా అతికి మా ఇంటికి తెచ్చాడు. నాన్న రిటైరై అప్పటికి ఆరు రోజులు. ముందుగదిలో చిన్న స్పీకరు ముందు కూర్చున్నాం. తొమ్మిదో పాట వచ్చేముందు తమ్ముడు ఆపమన్నాడు.

"నాన్నా, ఇది తీసెయ్యమంటే తీసేస్తాను."

"అదేంట్రా, అది నా పాట!" అన్నాను నేను. నోరు జారాక నాలుక కరుచుకున్నాను.

నాన్న నా వైపు చూసి, చాలా రోజుల తర్వాత నవ్వాడు. "నీదేనా ఆ కళ్ల మాట? అనుకున్నాను. ఉండనీరా. మీరు చూసింది మీరు రాశారు."

పాట అయింది. అది అయ్యాక, పేరు పెట్టని చోట, నాన్న గొంతు. లోపల ఎవరున్నారు. లోపల ఎవరున్నారు. తర్వాత మూడోది. తను పిలిచింది రికార్డయిందని నాన్నకి అప్పటిదాకా తెలీదు. కుర్చీలో కదల్లేదు. ఒడిలో ఒక్కో వేలూ మడవడం మొదలుపెట్టాడు. తొమ్మిదో వేలు దగ్గర శబ్దం ఠక్కున తెగింది.

నాన్న తలెత్తాడు. "కోసేశారేం?"

"ఆ తర్వాత ఏమీ లేదంకుల్," అన్నాడు మైకుసెట్టు. "వినిపించేంత లేదు. ఖాళీయే."

"ఖాళీ ఎలా అవుతుంది? ఇంకా రెండున్నాయి." నాన్న తమ్ముడి వైపు తిరిగాడు. "మీ అమ్మ పలికేది ఆ తర్వాతేగా."

తమ్ముడు లేచి, వానలోనే మైకుసెట్టుని బండెక్కించుకుని వెళ్లి, సాయంత్రానికి తిరిగొచ్చాడు. స్పీకరు పెట్టి నాన్న పక్కనే కూర్చున్నాడు.

"ఏమేవ్" అంది స్పీకరు. నాన్న పది వేళ్లూ మడిచాడు. తర్వాత తల ఒక్కసారి ఊపాడు. ఆ తర్వాత కాసేపు ఏమీ లేదు, కోయకుండా వదిలేసిన ఖాళీ తప్ప. బయట చూరు నీళ్లు కారుతున్నాయి. ఇద్దరూ ఆ ఖాళీ అయ్యేదాకా కూర్చుని విన్నారు.

"ఇప్పుడు సరిపోయిందా నాన్నా?"

"సరిపోయిందిరా."

నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. నాకు మోయడానికి మాట ఒక్కటీ మిగల్లేదు.